జెరూసలేంలో చదువు: సైరన్లు, క్లాసులు, చెక్‌పాయింట్లు

ప్రశ్న: అన్నలకు, అక్కలకు నమస్తే. అక్టోబరులో హీబ్రూ యూనివర్సిటీలో మాస్టర్స్‌కి చేరుతున్నా. మౌంట్ స్కోపస్ క్యాంపస్ హాస్టల్లో యూదు పిల్లలు, పాలస్తీనా పిల్లలు ఇద్దరూ ఉంటారట. రాకెట్ దాడి సైరన్ మోగితే ఏం చేయాలి? అందరితో ఎలా మెలగాలి?

జవాబు 1: తమ్ముడూ, సూట్‌కేసు దించగానే మమాద్ ఎక్కడుందో చూసుకో. మమాద్ అంటే కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు ఉన్న గది. పాత బిల్డింగుల్లో అది ఉండదు, మిక్లాత్ అనే షెల్టరుకి పరుగెత్తాలి. సైరన్ మోగాక జెరూసలేంలో ఉండే గడువు 90 సెకన్లు. గాజా పక్కనున్న స్దెరోత్‌లో 15 సెకన్లే. పగలొకసారి, రాత్రి చీకట్లో ఒకసారి మెట్ల మీదుగా నడిచి టైం చూసుకో. లిఫ్ట్ వద్దు. మమాద్ కిటికీకి ఇనుప రేకు ఉంటుంది, అది పూర్తిగా జరుగుతోందో లేదో ముందే లాగి చూడు. అట్టపెట్టెలు, సైకిళ్లు నింపేసి తలుపు పడకుండా చేసేవాళ్లు చాలామంది.

పికుద్ హఓరెఫ్ (పౌరుల రక్షణ చూసే ఇజ్రాయెల్ ఆర్మీ విభాగం) యాప్ వేసుకుని, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచు. బ్యాటరీ సేవర్ నుంచి దాన్ని తప్పించు, లేకపోతే ఫోను యాప్‌ని నిద్రపుచ్చుతుంది, హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. మామూలు రాకెట్లయితే 10 నిమిషాలు లోపలే ఉండాలి. ఇరాన్ క్షిపణులైతే బయటికి రావచ్చని మెసేజ్ వచ్చేదాకా కదలొద్దు.

తూర్పు జెరూసలేం పాలస్తీనా పేటల్లో షెల్టర్లు చాలా తక్కువ. అక్కడి స్నేహితుల ఇంట్లో ఉంటే లోపలి మెట్ల దారే దిక్కు.

జవాబు 2: క్లాసు సంగతి నేను చెప్తా. యూదు పిల్లలు ఎక్కువమంది 18కి ఆర్మీకి వెళ్తారు, డిగ్రీ మొదలెట్టేసరికి 21 దాటుతుంది. తర్వాత కూడా మిలుయిమ్, అంటే రిజర్వు డ్యూటీ పిలుపు వస్తుంది. ప్రాజెక్టులో నీ జోడీ వారాల తరబడి కనపడకపోవచ్చు, పని ముందే పంచుకోండి. 2023లో గాజా యుద్ధం వల్ల క్లాసులే డిసెంబరు 31న మొదలయ్యాయి.

తూర్పు జెరూసలేం పిల్లల్లో చాలామందికి నివాస హక్కు చూపే నీలం రంగు ఐడీ ఉంటుంది, పౌరసత్వం ఉండదు. అక్కడి కఫ్ర్ అకబ్, షుఫాత్ క్యాంపు అనే పేటలు ఇజ్రాయెల్ కట్టిన విభజన గోడకి అవతలున్నాయి. అక్కడి వాళ్లు రోజూ చెక్‌పాయింట్ దాటాలి, ఎంతసేపు పడుతుందో వాళ్లకీ తెలియదు. పొద్దున ఎనిమిదింటికి గ్రూప్ మీటింగ్ పెట్టి రాలేదని నొచ్చుకోకు, నోట్సు పంపు. ఇద్దరిలో ఎవరినీ "నువ్వెటు?" అని అడగొద్దు. ఒకరి అన్న ఆర్మీలో ఉండొచ్చు, ఇంకొకరి చుట్టాలు గాజాలో ఉండొచ్చు. వాళ్లే చెప్తే విను.

జవాబు 3: తిరగడానికి రవ్‌కావ్ అనే బస్సు, ట్రాము టికెట్ల కార్డు తీసుకో. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రిదాకా బస్సులు, ట్రాము ఉండవు. పాతబస్తీ డమాస్కస్ గేటు దగ్గరి అరబ్ బస్సులు మాత్రం శనివారమూ తిరుగుతాయి. వెస్ట్‌బ్యాంక్‌లోని బెత్లెహేం వెళ్తే అసలు పాస్‌పోర్టు, వీసా దగ్గరుంచుకో, జిరాక్సు చాలదు. పొద్దున వెళ్లి చీకటి పడకముందే వచ్చెయ్, చెక్‌పాయింట్లు చెప్పకుండా మూసేస్తారు.

టెల్ అవీవ్‌లోని మన ఎంబసీలో తప్పక పేరు నమోదు చేసుకో. 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం వల్ల గగనతలం మూసేస్తే, ఆపరేషన్ సింధు పేరుతో మన ప్రభుత్వం చేసిన తరలింపులో మనవాళ్లని భూమార్గంలో జోర్డాన్, ఈజిప్టుల మీదుగా తీసుకెళ్లారు.

జవాబు 1: ఒకటి మర్చిపోయా తమ్ముడూ. సైరన్ హెచ్చుతగ్గులుగా మోగితే పరుగు. ఒకే స్వరంలో సాగితే అది సంస్మరణ సైరన్, హోలోకాస్ట్ (నాజీలు యూదులను చంపిన మారణకాండ) దినం నాడు పొద్దున 10కి రెండు నిమిషాలు మోగుతుంది. అప్పుడు పరుగెత్తకు, గౌరవంగా నిలబడు.