చువా సర్క్యూట్‌లో కేయాస్ రావడం లేదు, ఒక్క చుక్కే కనిపిస్తోంది

ప్రశ్న (ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, వరంగల్):
నమస్కారం. ప్రాజెక్టు కోసం ఆరు రోజులుగా చువా సర్క్యూట్‌తో (కేయాస్, అంటే నియమాల ప్రకారమే నడిచినా ముందే చెప్పలేని కదలిక, చూపించే చిన్న సర్క్యూట్) కుస్తీ పడుతున్నాను. రెండు ఆప్ ఆంప్‌లు (ఒక రకం యాంప్లిఫయర్లు) ఉండే టీఎల్082 ఐసీ, 10, 100 నానోఫారడ్ కెపాసిటర్లు, 2 కిలోఓమ్ పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్), రెండు 9 వోల్టుల బ్యాటరీలు. 18 మిల్లీహెన్రీ ఇండక్టర్ (కాయిల్) కోఠీ అంతా తిరిగినా దొరకలేదు. రెసిస్టర్‌లాగే ఉండే చిన్న చోక్‌లు, 10, 8.2 మిల్లీహెన్రీలవి, తెచ్చి సిరీస్‌లో కలిపాను. సీఆర్‌ఓను (ఆసిలోస్కోప్) ఒక వోల్టేజీకి ఎదురుగా ఇంకో వోల్టేజీని గీసే ఎక్స్-వై మోడ్‌లో పెడితే ఒకే చుక్క. పాట్ 1.5 కిలోఓమ్ దాకా తగ్గించినా కాస్త జరుగుతుందే తప్ప తిరగదు. పవర్ తీసి మళ్ళీ ఇస్తే ఒకసారి ఎడమ పక్కన నిలుస్తుంది, ఒకసారి కుడి పక్కన. ఐసీ రెండుసార్లు మార్చాను. సిమ్యులేషన్‌లో బొమ్మ వచ్చింది కానీ నాకు అది చాలదు. నా చేత్తో పేర్చిన తీగల్లోంచి రావాలి.

జవాబు (డిగ్రీ కాలేజీ ఎలక్ట్రానిక్స్ లెక్చరర్):
అమ్మా, ఐసీ జోలికి ఇక వెళ్ళకు. చుక్క రెండు పక్కలా నిలుస్తోందంటే ఆప్ ఆంప్‌ల నెగటివ్ రెసిస్టెన్స్ (శక్తిని తినకుండా సర్క్యూట్‌కు ఇచ్చే గుణం) బాగానే పనిచేస్తోంది. నీకు రావాల్సిన కేయాస్ బొమ్మ, అంటే డబుల్ స్క్రోల్‌లో, రెండు సుడులూ తిరిగేది సరిగ్గా ఆ రెండు చోట్ల చుట్టూనే. నీకు సగం సర్క్యూట్ వచ్చేసింది. నా అనుమానం చోక్‌ల మీద. మీటర్‌తో వాటి డీసీ రెసిస్టెన్స్ కొలువు. పది, పన్నెండు ఓమ్‌లైతే పర్లేదు. అంతకు చాలా ఎక్కువైతే, కాయిల్‌కీ కెపాసిటర్‌కీ మధ్య ఊగాల్సిన శక్తి వేడిగా పోయి ఊపు పుట్టకుండానే ఆగిపోతుంది.
బెంగ పడకు. 1983లో టోక్యోలోని వాసెడా యూనివర్సిటీలో కేయాస్ చూపే లోరెంజ్ సమీకరణాలకు కట్టిన సర్క్యూట్ పనిచేయకపోవడం చూశాకే లియోన్ చువా ఆ రాత్రి దీన్ని గీశారు.

ప్రశ్న అడిగినామె:
రెండూ కలిపి 95 ఓమ్‌లు సార్! ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా అది కొలవాలని తోచలేదు.

మరో జవాబు (ఇంజనీరు, విశాఖపట్నం):
కాయిల్ మానేసి ఇంకో టీఎల్082తో జైరేటర్ (కాయిల్ లేకుండానే ఇండక్టర్‌లా పనిచేసే సర్క్యూట్) కట్టండి. ఇక్కడ ఇండక్టర్ ఒక కాలు గ్రౌండ్‌కే ఉంటుంది కాబట్టి కుదురుతుంది. మూడు 1 కిలోఓమ్‌లు, ఒక 1.8 కిలోఓమ్, 10 నానోఫారడ్ వేస్తే సరిగ్గా 18 మిల్లీహెన్రీ అవుతుంది, తీగ రెసిస్టెన్స్ గొడవ ఉండదు. పాట్ కూడా మల్టీటర్న్‌ది (చాలా చుట్లు తిప్పాల్సినది) కొనండి. అసలు చూడాల్సినవన్నీ చాలా ఇరుకు చోట ఉంటాయి, మామూలు పాట్ వాటిని దాటేస్తుంది.

ప్రశ్న అడిగినామె:
జైరేటర్‌తో వచ్చింది సార్! రాత్రి పదకొండింటికి. ముందు చుక్క ఉంగరమైంది. పాట్ తగ్గిస్తుంటే అదే ఉంగరం రెండు చుట్లయింది, తర్వాత నాలుగు. ఆ తర్వాత గీత గీత మీద పడకుండా ఒక పక్కనే సుడి తిరిగింది. ఇంకొంచెం తిప్పేసరికి రెండో పక్కకు దూకింది. ఎప్పుడు దూకుతుందో ఎంతసేపు చూసినా అందలేదు. ఎనిమిది చుట్లు మాత్రం ఒక్కసారే కనిపించాయి, పాట్ మీద చెయ్యి తీసేలోపే పోయాయి. రేపు మల్టీటర్న్ పాట్ వేసి, రెండు, నాలుగు, ఎనిమిది చుట్లు మొదలయ్యే ఓమ్‌లు కొలిచి ఇక్కడ పెడతాను. ఇలా చుట్లు రెట్టింపయ్యే చోట్ల మధ్య దూరం ప్రతిసారీ ఎన్నో వంతుకు తగ్గుతూ పోతుందో చెప్పే ఫైగెన్‌బామ్ సంఖ్య 4.669కి నా లెక్క ఎంత దగ్గరగా వస్తుందో చూడాలి.