అనంతగిరి వైపు ఊట నీళ్లు ట్యాంకర్‌తో తెప్పించుకోవచ్చా?

మధురవాడ_ఫ్లాట్లు:
ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌కి తాగునీరు చాలడం లేదు. అనంతగిరి మండలంలో ఒక గిరిజన గ్రామానికి డబ్బు కట్టి రోజుకో 10,000 లీటర్ల ట్యాంకర్ తెచ్చుకుంటే కుదురుతుందా?

కొండఊట:
ముందు ఊట ఎంత ఇస్తుందో మే నెలలో కొలవండి. వానలయ్యాక కొలిస్తే లెక్క తప్పుతుంది. పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి టైము చూడండి. 40 సెకన్లలో నిండితే రోజుకు 43,200 లీటర్లు. ఊళ్లో 500 మంది ఉంటే, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున 27,500 లీటర్లు వాళ్లవే. పశువులకి, కింది పొలాలకి పోగా మిగిలిన దాని గురించే మీరు మాట్లాడాలి. ఊట తగ్గితే మొదట ఆగేది మీ ట్యాంకరే అని ఒప్పందంలో రాయించండి, ఇది మాత్రం వదలకండి.

ఏజెన్సీ_మిత్ర:
అది షెడ్యూల్డ్ ప్రాంతమండి, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. సర్పంచ్ ఒక్కరి మాట చాలదు, గ్రామసభ తీర్మానం ఉండాలి. 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకే అప్పగించింది. ఊట దగ్గర స్థలం కొనాలనుకోకండి, గిరిజనేతరులు అక్కడ భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు.

నీటి_పరీక్ష:
తేటగా ఉన్నా పరీక్ష చేయించాల్సిందే. 100 మి.లీ.లో కోలిఫాం (నీరు కలుషితమైందని చెప్పే బాక్టీరియా) అసలు ఉండకూడదు. తొలివానకి నీరు మట్టిరంగు తిరిగితే ఆ రోజుల్లో నింపొద్దు, ఆ బురద క్లోరిన్‌ని తినేస్తుంది. ట్యాంకర్‌కి 25 శాతం బ్లీచింగ్ పౌడర్ 80 గ్రాములు బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేట మాత్రమే పోయండి. అరగంట తర్వాత లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగలాలి. ఘాట్ రోడ్డులో సగం నిండిన ట్యాంకర్ ప్రమాదం, లోపల అడ్డుపలకలున్న బండే మాట్లాడుకోండి.