వీధిలో వర్క్‌షాపులన్నీ ఒకరి పద్ధతులు ఒకరికి చూపించుకోవాలా, వద్దా?

మైక్రాన్ (బాలానగర్)
మా వీధిలో వీఎంసీలు, సీఎన్‌సీలు (ప్రోగ్రాము ప్రకారం లోహాన్ని కోసే మెషిన్లు), గ్రైండింగ్ పెట్టుకుని కస్టమర్ల పార్టులు చేసిచ్చే జాబ్‌వర్క్ షెడ్లవాళ్లం కొందరం నెలకోసారి ఒకరి షెడ్డులో కలుస్తున్నాం. ఎవరి షెడ్డులో కలిస్తే వాళ్లు కొత్తగా మార్చుకున్న పద్ధతి ఒకటి చూపించాలి. లీన్ (వృథా తగ్గించడం) అనండి, కైజెన్ (కొద్దికొద్దిగా మెరుగుపరచుకోవడం) అనండి, 5ఎస్ (షెడ్డు సర్ది శుభ్రంగా ఉంచుకోవడం) అనండి. ప్రెజెంటేషన్లు వద్దు, మెషిన్ దగ్గరే చూపించాలన్నది మా షరతు.

పోయినసారి మా వంతు. వీఎంసీ మీద జాబ్ (చేసే పార్టు) మార్చాలంటే మాకు రెండు గంటలు పట్టేది. మెషిన్ ఆపాక ఆలెన్ కీ కోసం వెతుకులాట, టీ-నట్ల కోసం వెతుకులాట, జాబ్‌ను పట్టి ఉంచే వైస్ తిన్నగా ఉందా అని డయల్ కొట్టి చూడటం, ఒక్కో టూలుకీ ఆఫ్‌సెట్ (టూలు కొలత) తీసుకోవడం. ఇప్పుడు మెషిన్ నడుస్తుండగానే తర్వాతి జాబ్ టూళ్లు హోల్డర్లలో బిగించి, హైటు కొలిచి, ట్రాలీలో పెట్టేస్తున్నాం. బెడ్ మీద డోవెల్ పిన్నులున్న బేస్ ప్లేటు బిగించేశాం. వైస్ దాని మీద కూర్చోబెడితే చాలు, డయల్ పని లేదు. 40 నిమిషాల్లో అయిపోతోంది. మెషిన్ ఆగితేనే చేయగలిగే పని ఏది, నడుస్తుండగా చేసుకోగలిగేది ఏది అని విడదీయమని జపాన్ ఇంజినీరు షిగెయో షింగో ఎప్పుడో చెప్పాడు. మేం చేసింది అంతే.

ఆ వీడియో గ్రూపులో పెట్టగానే ఇద్దరు పెద్దవాళ్లు ఫోన్ చేసి మందలించారు. గుట్టు బయటపెడుతున్నానట. ఇది గుట్టా? మీరు చెప్పండి.

పాత లేత్ (జీడిమెట్ల)
గుట్టే. మందలించినవాళ్లు మీ మేలు కోరేవాళ్లు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా. జాబ్‌వర్క్‌లో మనకున్న ఆస్తి మెషిన్ కాదు. అదే మెషిన్ పక్క షెడ్డులోనూ ఉంటుంది. ఆ పార్టును ఎలా పట్టుకోవాలి, ఏ ఆపరేషన్ ముందు చేయాలి, ఏ ఇన్సర్ట్ (టూలుకు బిగించే కోత పలుకు) ఎంత ఫీడ్‌లో (టూలు జరిగే వేగంలో) నిలబడుతుంది, ఇవే మన ఆస్తి. అది పదిమందికి పంచిపెడితే రేపు ఎంక్వైరీ వచ్చినప్పుడు పదిమందీ ఒకే రేటు కోట్ చేస్తారు. లాభపడేది కొనేవాడు.

ఇంకో మాట. 40 నిమిషాలు అన్నారు. ఎక్కడి నుంచి ఎక్కడికి?

చిన్నన్న (చర్లపల్లి)
మంచి పని చేస్తున్నరు మైక్రాన్ అన్నా. ఆ బేస్ ప్లేటు ఫొటో పెట్టండి.

మైక్రాన్
పాత లేత్ గారూ, పాత జాబ్ విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి కొత్త జాబ్ సైకిల్ స్టార్ట్ నొక్కేదాకా.

పాత లేత్
అందుకే అడిగా. సెటప్ టైమ్ అంటే పాత జాబ్ చివరి మంచి పీసు నుంచి కొత్త జాబ్ మొదటి మంచి పీసు దాకా. సైకిల్ స్టార్ట్ నొక్కితే అయిపోయినట్టు కాదు. ఫస్ట్ పీసు తీసి, కొలిచి, ఆఫ్‌సెట్ దిద్ది, క్వాలిటీవాడు ఓకే అని సంతకం పెట్టేదాకా మెషిన్ ఖాళీగానే ఉంటుంది. అది కలపకుండా 40 అని పదిమందికి చెబితే, విన్నవాడు మా షెడ్డులో ఎందుకు రావట్లేదని తన ఆపరేటర్ మీద పడతాడు.

మైక్రాన్
ఫస్ట్ పీసు ఇన్‌స్పెక్షన్ మా చేతిలో ఉన్నది కాదు సార్. కొన్ని జాబ్‌లకు కస్టమర్ తరఫు మనిషి వచ్చి చూడాలి. ఆ ఆలస్యాన్ని సెటప్‌లో ఎలా కలుపుతాం? పైగా పాత రెండు గంటలు కూడా ఇదే లెక్కన తీసిందే. అప్పుడూ ఇప్పుడూ ఒకే కొలత పెట్టాం కదా.

పాత లేత్
మీ చేతిలో ఉన్నా లేకపోయినా మెషిన్ ఆగి ఉంది కదా? ఆగిన ప్రతి నిమిషానికీ ఈఎంఐ మీరే కడుతున్నారు. కొలత సరిగ్గా లేని అంకెను షేర్ చేయకూడదు, నా మాట అంతే.

గేజ్ రూమ్
నిర్వచనం మటుకు పాత లేత్ గారు చెప్పిందే కరెక్ట్. మంచి పీసు నుంచి మంచి పీసు దాకా.

చిన్నన్న
ఫొటో పెట్టలేదన్నా ఇంకా.

ఎంఎస్ఎంఈ మిత్ర (విజయవాడ)
ఇది ఒక్క బాలానగర్ సమస్య కాదు. కేంద్రం 2009లో చిన్న పరిశ్రమల కోసం లీన్ పథకం పైలట్‌గా తెచ్చినప్పుడు కూడా కొన్ని యూనిట్లు మినీ క్లస్టర్‌గా కలవాలన్నది షరతు. కన్సల్టెంట్ ఖర్చులో 80 శాతం ప్రభుత్వానిది, మిగతాది యూనిట్లది. 2023 మార్చిలో దాన్నే ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ పేరుతో మార్చి తెచ్చారు. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు అంచెలు. బేసిక్‌కు ఫీజు లేదు, పై రెండింటికీ 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఇక్కడ ఆటోనగర్‌లో వాహనాల బాడీలు కట్టే షెడ్లవాళ్లకు నేను చెప్పినప్పుడూ మొదటి అభ్యంతరం ఇదే: "పక్కవాడు చూస్తాడు."

పాత లేత్
చూస్తాడనే కదా భయం? భయం ఊరికే రాదు.

కొన్నేళ్ల కిందట మా ఏరియాలో కూడా ఇలాంటి గ్రూపే కట్టాం. ఒక సన్నటి స్లీవ్‌ను వంకర పోకుండా పట్టుకోవడానికి నేను ఎక్స్‌పాండింగ్ మాండ్రెల్ (లోపలి నుంచి విచ్చుకుని పట్టే కడ్డీ) ఒకటి చేశా. ఎన్ని రాత్రులు కూర్చున్నానో నాకే తెలుసు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకాయన ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. నేనే వెలుతురు సరిగ్గా పడేలా లైటు జరిపి పట్టుకున్నా. రెండు నెలలు తిరక్కుండా అదే పార్టు ఆయన షెడ్డులో నడిచింది. దాన్ని నేర్చిన నా కుర్రాడు కూడా ఆయన దగ్గరికే వెళ్లాడు.

చిన్నన్న
గా ముచ్చట ఇంటే నాకే మనసుల కలుక్కుమన్నది సార్.

మైక్రాన్
మీకు జరిగింది అన్యాయం, కాదనను. కానీ మీరు చూపించింది ఒక పార్టుకు చెందిన ఫిక్స్చర్ (దాన్ని పట్టి ఉంచే అమరిక). అది చూపించకూడదు. నేను చూపిస్తున్నది టూళ్ల ట్రాలీ, బేస్ ప్లేటు, సెటప్ షీటు. డ్రాయింగులు, ఫిక్స్చర్లు, ప్రోగ్రాములు, కస్టమర్ పేర్లు మా గ్రూపులో మొదటిరోజు నుంచీ నిషిద్ధం. వీడియో తీసేముందు బెడ్ మీది జాబ్ తీసేస్తాం.

టయోటా వాళ్లు కూడా ఈ జాగ్రత్త పడ్డారు. సప్లయర్ల సంఘం క్యోహోకై 1943 నుంచీ ఉంది. డెబ్బయ్యో దశకంలో సప్లయర్లతో జిషుకెన్ అని చిన్న చిన్న అధ్యయన బృందాలు పెట్టారు. ఒకే పార్టు మీద నేరుగా పోటీపడే ఇద్దరిని ఒకే బృందంలో వేయరు. మా గ్రూపులో టర్నింగ్, గ్రైండింగ్, హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ (లోహపు పూత) వేర్వేరువాళ్లు ఉండటం మాకు కలిసొచ్చింది అందుకే.

జింక్ బాబు (ప్లేటింగ్)
నేను మైక్రాన్ గ్రూపులోనే ఉన్నా. ఇంతసేపూ అందరూ మెషిన్ గురించే మాట్లాడుతున్నారు, అసలు టైమ్ ఎక్కడ పోతోందో ఎవరూ చూడట్లేదు. ఒక పిన్ను మన వీధిలో ఐదు షెడ్లు తిరుగుతుంది. దాని మీద జరిగే పని అంతా కలిపితే గంట కూడా ఉండదు. కస్టమర్‌కు చేరేసరికి మూడు వారాలు. మిగతా కాలమంతా ఎవరో ఒకరి షెడ్డులో మూల సంచిలో పడుంటుంది.

శనివారం సాయంత్రం ఆరింటికి నా గేటు దగ్గర చూడండి. ఆటోలో గోనెసంచులు దిగుతాయి. కటింగ్ ఆయిల్ కారుతూ ఉంటాయి. లోపల చిట్టీ ఉంటుంది, కానీ నూనెలో నాని లాటు నంబరు కనపడదు. రెండు సైజుల పిన్నులు కలిసిపోయి ఉంటాయి. సోమవారం పొద్దునకు కావాలంటారు. నా కుర్రాళ్లు డీగ్రీజింగ్ (నూనె కడగడం) కంటే ముందు వాటిని ఏరుకుంటూ కూర్చోవాలి. మైక్రాన్ గారు సెటప్‌లో మిగిల్చిన ఎనభై నిమిషాలు నా గేటు దగ్గర పోతున్నాయి. గ్రూపు లేకపోతే ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి నేను?

పాత లేత్
ప్లేటింగ్ బాబూ, నీ బాధ నిజం. దానికి గ్రూపు ఎందుకు? సంచి పంపినవాడికి ఫోన్ చేసి చెప్పు. మైక్రాన్ గారూ, మీరు ఇంకా 40 నిమిషాల సంగతి తేల్చలేదు.

మైక్రాన్
40 నిమిషాలనే పట్టుకుని వేలాడుతున్నారు మీరు! ఫస్ట్ పీసు కలిపితే గంటా పది. సరా? పాతదానికీ కలిపితే రెండున్నర గంటలు దాటుతుంది. సగానికి పైగా తగ్గింది కదా. ఇప్పటికైనా అసలు విషయానికి వస్తారా? ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు చిన్నవాళ్లకు దారి చూపించాలి గానీ తలుపులు మూయమని చెప్పకూడదు.

పాత లేత్
అసలు విషయం కావాలా? చెప్తా.

మీ పోయిన మీటింగుకు మీ పెద్ద కస్టమర్ సప్లయర్ డెవలప్‌మెంట్ మనిషి వచ్చాడా, లేదా? నాకు తెలుసు, వచ్చాడు. మా గ్రూపు మూతపడింది ఆ ఫొటోల వల్ల కాదు. మా మీటింగులకూ ఒక పెద్ద కంపెనీ పర్చేజ్ వాళ్లు ప్రోత్సహిస్తామంటూ వచ్చి కూర్చున్నారు. మా దగ్గర సైకిల్ టైమ్ ఎంత తగ్గిందో, సెటప్ ఎంత తగ్గిందో బోర్డు మీద మేమే రాసి చూపించాం. చప్పట్లు కొట్టారు, షీల్డు ఇచ్చారు. తర్వాతి రేట్ నెగోషియేషన్‌లో అదే బోర్డు ఫొటో నా ముందు పెట్టి, "మీ టైమ్ తగ్గింది కదా, పీసుకు నాలుగు రూపాయలు తగ్గించండి" అన్నారు. చెమట మాది, మిగులు వాళ్లది. బిల్లు మటుకు 45 రోజుల్లో ఇవ్వాలని చట్టం ఉన్నా నాలుగు నెలలకు ఇచ్చారు.

పక్క షెడ్డువాడంటే నాకు కోపం లేదు. వాడూ నాలాంటివాడే. కొనేవాడి కళ్ల ముందు మనం బట్టలు విప్పుకోవద్దంటున్నా.

చిన్నన్న
గిది అసలు ముచ్చట.

గేజ్ రూమ్
మైక్రాన్ గారూ, కస్టమర్ మనిషి వచ్చింది నిజమేనా?

మైక్రాన్
నిజమే. దాచడానికి ఏముంది? ఆయనే మాకు 5ఎస్ ఆడిట్ షీటు ఇచ్చాడు, తన ప్లాంటు చూపించడానికి తీసుకెళ్లాడు. రేటు తగ్గించమని ఇంతవరకు అడగలేదు.

రేపు అడిగితే? మనం మెరుగుపడ్డా పడకపోయినా ఏటా రేటు తగ్గించమనే అడుగుతారు. పుణె, కోయంబత్తూరు కొటేషన్లు టేబుల్ మీద పెట్టి అడుగుతారు. అప్పుడు తగ్గించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఆర్డరే పోతుంది. పైగా సెటప్ తగ్గాక నేను ఒకేసారి 500 పీసులు చేసి మూలన పెట్టే పని లేదు. వందేసి చేస్తున్నా. షెడ్డులో నిలిచిపోయిన సరుకు తగ్గింది, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ తగ్గింది. ఆ లాభం ఏ పర్చేజ్ వాడికీ కనపడదు, వాడు లాక్కోలేడు.

పాత లేత్
అడిగినప్పుడు ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలన్నారు చూశారా, అక్కడే మీకూ నాకూ తేడా. నేను మిగిల్చుకున్నది నా మెషిన్ మార్చుకోవడానికి, నా మనుషులకు ఇవ్వడానికి. కొనేవాడికి ఇవ్వడానికి కాదు.

సెకండ్ షిఫ్ట్
సార్లందరికీ నమస్తే. నేను ఓనర్ని కాదు, వీఎంసీ ఆపరేటర్ని. మాది నల్గొండ దిక్కు. ఇంతసేపు చదివిన. మిగిలింది కస్టమర్‌కు పోవాల్నా, ఓనర్‌కు ఉండాల్నా అని మీరు కొట్లాడుతున్రు. మా మాట ఎవ్వరన్న అడిగిన్రా?

మా షెడ్ల గూడ గిట్లనే సెటప్ తగ్గించినం. ట్రాలీ ఐడియా నాదే, ఏ అర ఎక్కడుండాల్నో నేనే గీసి వెల్డింగ్ చేపిచ్చిన. ఓనర్ సార్ గ్రూపుల పెట్టుకున్నడు, అందరు మెచ్చుకున్నరు. సంతోషమే. గని పని జల్ది అయితున్నదని మాకు ఓటీ (ఓవర్‌టైమ్) బందైంది. ఓటీకి డబుల్ కూలి ఉండె. దాంతోనే ఇంటి కిరాయి కట్టుకునేటోణ్ణి. ఇప్పుడు ఇంకో ఐడియా ఉంది నా దగ్గర, కూలెంట్ గురించి. చెప్పబుద్ధి అయితలేదు.

జింక్ బాబు
తమ్ముడూ, మంచి మాట అడిగావు.

మైక్రాన్
తమ్ముడూ, మా షెడ్డులో ఓటీ తగ్గినప్పుడు నేను వీఎంసీ కుర్రాళ్లిద్దరికీ బేసిక్ పెంచా. అంతకుముందు ఓటీతో కలిపి వచ్చిన దానికి సమానంగా. ఇది అన్ని షెడ్లలో జరగట్లేదని నాకూ తెలుసు. మీటింగులో ఈ సంగతి పెడతా. ఐడియా ఇచ్చిన ఆపరేటరే నిలబడి చూపించాలని, ఓటీ పోతే జీతం సర్దాలని. ఒప్పుకోని షెడ్డు వీడియో మా గ్రూపులో పెట్టం.

పాత లేత్
ఆపరేటర్ సంగతి సరే, దానికి నేనూ మద్దతిస్తా. మరి కస్టమర్ మనిషి?

మైక్రాన్
ఆయన్ని రావద్దని ఎలా చెప్తాను సార్? నా పనిలో సగం వాళ్లదే.

పాత లేత్
మరి నా గేటు తెరుచుకోదు. ఆయన లేని రోజున పిలవండి, వస్తా. టూల్ ట్రాలీయే కాదు, మాండ్రెల్ ఎలా చేయాలో కూడా చెప్తా. ఆయన ఉన్నంతకాలం బోర్డు మీద ఒక్క అంకె రాయను.

గేజ్ రూమ్
అంకెలు లేకుండా పద్ధతి మాత్రం చూపిస్తే? సగానికి తగ్గింది అంటే చాలదా?

పాత లేత్
సగం కూడా అంకే.

జింక్ బాబు
మీరిద్దరూ అది తేల్చుకునేలోపు నాదొక మనవి. ఈ శనివారం నుంచి సరుకు గోనెసంచుల్లో తీసుకోను. ప్లాస్టిక్ ట్రేలు, ట్రేకి ఒకే సైజు, లాటు నంబరు రేకు ట్యాగ్ మీద పంచ్ కొట్టి వైరుతో కట్టాలి. ట్రేలు నేనే కొని అందరికీ రెండేసి ఇస్తా. మైక్రాన్ గారూ, మీవాళ్లకు చెప్పండి. పాత లేత్ గారూ, మీ జీడిమెట్ల సరుకు కూడా నా దగ్గరికే వస్తుంది, మీకూ రెండు పక్కన పెట్టా.

పాత లేత్
నాలుగు పెట్టు. డబ్బులు నేనిస్తా.

చిన్నన్న
మైక్రాన్ అన్నా, బేస్ ప్లేటు ఫొటో.