జార్జియాలో అవతలి పార్టీ ప్రైమరీలో ఓటేయడం తప్పా?

తెనాలి కృష్ణ:
ఈ 2024 మార్చి 12న జార్జియా ప్రెసిడెన్షియల్ ప్రైమరీ, అంటే పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, అయింది కదా. నేను ఆ తేదీకి ముందే జరిగే ఎర్లీ ఓటింగ్‌లో రిపబ్లికన్ బ్యాలెట్ అడిగి, ట్రంప్‌కి పోటీగా నిలబడ్డ నిక్కీ హేలీకి వేశాను. తర్వాత మార్చి 6న ఆవిడ పోటీ నుంచి తప్పుకున్నారు. నవంబర్‌లో మాత్రం నా ఓటు డెమొక్రాట్ బైడెన్‌కే. ఈ మాట పాట్‌లక్‌లో (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో) చెప్తే ఒక పెద్దాయన అందరి ముందూ "ఇది మోసం" అన్నారు. రెండు రోజులుగా మనసు బాగోలేదు. మన రాష్ట్రంలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు రాయనక్కర్లేదు. ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో మనమే చెప్తాం. చట్టం ఇచ్చిన దారిలో వెళ్తే మోసం ఎలా అవుతుంది?

కమ్మింగ్ మూర్తి:
తప్పే. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన సబబు అయిపోదు. మా అమ్మాయికి సంబంధం మేం చూసుకుంటుంటే, పెళ్లికి రానని ముందే చెప్పినవాళ్లు వచ్చి వరుణ్ణి ఖాయం చేస్తామంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. నేను 2016 నుంచి ఫోర్‌సైత్ కౌంటీలో ఇంటింటికీ తిరుగుతున్నాను. మా అభ్యర్థిని ఎన్నుకోవాల్సింది మేము. పైగా హేలీకి వచ్చింది 13 శాతం. పార్టీ సభలో అభ్యర్థిని ఖాయం చేసే డెలిగేట్లు 59 మందీ ట్రంప్‌కే వెళ్లారు. మీ ఓటు వల్ల ఏం ఒరిగింది?

నల్గొండ రవి:
పార్టీ పేరుతో రిజిస్ట్రేషన్ పెట్టేస్తే ఈ గొడవే ఉండదు.

తెనాలి కృష్ణ:
ఏం ఒరిగిందో చెప్తాను మూర్తి గారూ. తప్పుకున్న మనిషికి కూడా దాదాపు 78 వేల ఓట్లు పడ్డాయి. 2020లో బైడెన్ ఈ రాష్ట్రం గెలిచింది 11,779 ఓట్లతో. ఆ తేడాతోనే, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు మన రాష్ట్రానివి 16 కూడా ఒకవైపే వెళ్లాయి. ఆ లెక్కన 78 వేలు చిన్న మాట కాదు. డెలిగేట్లు రాకపోయినా, ఇంతమందికి ట్రంప్ వద్దని పార్టీకి తెలిసింది. అది తెలియాలనే వేశాను.

కమ్మింగ్ మూర్తి:
ఆ 78 వేలలో మీలాంటివాళ్లు ఎంతమందో, నిజంగా మా పార్టీవాళ్లు ఎంతమందో ఎవరికి తెలుసు? అందుకే ఆ అంకెకి విలువ లేదు. మీరే దాన్ని పాడుచేశారు. ఇక 2020 అంటారా, బైడెన్‌కి 50 శాతం కూడా రాలేదు. మన జార్జియాలో ఎవరికీ సగం దాటకపోతే రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక, పెడతారు. అప్పుడెందుకు పెట్టలేదు?

లక్ష్మి_గ్విన్నెట్:
ప్రెసిడెంట్ ఎన్నికకి ఇక్కడ రనాఫ్ లేదండీ. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే గెలుపు. 2021 జనవరి 5న జరిగిన రనాఫ్ సెనేట్ సీట్లకి. 2020 ఓట్లు చేత్తో కూడా మళ్లీ లెక్కపెట్టారు, ఫలితం మారలేదు. అది వదిలేసి అసలు విషయానికి రండి.

కమ్మింగ్ మూర్తి:
సెనేట్‌కి ఒక రూలు, ప్రెసిడెంట్‌కి ఒక రూలు ఎందుకు ఉండాలి? అదే నేను అడిగేది.

లక్ష్మి_గ్విన్నెట్:
అది వేరే చర్చ. మే 21న రాష్ట్రం, కౌంటీ పదవుల ప్రైమరీ ఉంది. మీ ఫోర్‌సైత్‌లో 2020లో కూడా ట్రంప్‌కి దగ్గర దగ్గర 66 శాతం వచ్చింది. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి), కౌంటీ కమిషనర్ లాంటి పదవులు మామూలుగా రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలిపోతాయి. డెమొక్రాట్ బ్యాలెట్ తీసుకున్నవాళ్లకి తమ షెరీఫ్‌ని ఎంచుకునే అవకాశం ఎక్కడుంది?

ఓరుగల్లు వాసు:
ఒక సంగతి చాలామందికి తెలీదు. ఎవరికి ఓటేశామో రహస్యమే. కానీ ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నామో రికార్డులో ఉంటుంది, అడిగినవాళ్లకి ఇస్తారు. మా సబ్‌డివిజన్‌లో, అంటే మా కాలనీలో, ఒకాయన ఆ జాబితా చూసి, మా మామగారిని నిలబెట్టి "మీ అల్లుడు పార్టీ మారాడటగా" అన్నాడు. ఇంట్లో వారం రోజులు టెన్షన్. నాకు దీనిమీదే కోపం.

తెనాలి కృష్ణ:
చూశారా మూర్తి గారూ! పార్టీ పిచ్చి ముదిరితే ఇలాగే ఇళ్లలోకి వస్తుంది. పాట్‌లక్‌లో నన్ను నిలదీసిన పెద్దాయనదీ ఇదే ధోరణి. ఆయన మీరే అయితే ఇక్కడే చెప్పండి.

కమ్మింగ్ మూర్తి:
నేనే. దాచాల్సిన అవసరం నాకు లేదు. నీకు అర్థం కానిది ఒకటుంది కృష్ణా. ఎనిమిదేళ్లు ఎండనక వాననక తలుపులు తట్టాను. పోయిన నెల మీటింగులో నాతో తిరిగే మనిషే నా మొహం మీద అన్నాడు, "మీ ఇండియన్స్ బ్యాలెట్ మాది తీసుకుంటారు, ఓటు అవతలివాళ్లకి వేస్తారు, మిమ్మల్ని ఎలా నమ్మడం?" అని. తల ఎత్తుకోలేకపోయాను. ఇంకా ఎన్నేళ్లు పనిచేస్తే నన్ను వాళ్ల మనిషి అనుకుంటారు? నువ్వు ఒక్క ఓటు వేసి ఇంటికెళ్లిపోయావు. ఆ మాట పడింది నేను.

తెనాలి కృష్ణ:
ఆయన అన్నది తప్పు. దానికి నాకూ బాధగా ఉంది. కానీ ఆ కోపం నామీద చూపిస్తే ఎలా? 2003లో వచ్చాను. పదిహేడేళ్లు పన్నులు కట్టి, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసి, సిటిజన్ అయ్యాక 2020లో మొదటిసారి ఓటేశాను. మీకు ఒక పార్టీవాళ్లు మిమ్మల్ని తమవాడు అనుకోవాలి. నాకు అది అక్కర్లేదు. ఎక్కడ నిర్ణయం జరుగుతుందో అక్కడ నా ఓటు ఉండాలి. ఎవరి మనిషిగానో ఉండటానికి కాదు నేను అన్నేళ్లు ఆగింది.

నల్గొండ రవి:
నేను ఇంకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నాను, ఓటు లేదు. మీ ఇద్దరిలో ఎవరి ఓటు ఇచ్చినా తీసుకుంటాను.

లక్ష్మి_గ్విన్నెట్:
మార్చిలో ఏ బ్యాలెట్ తీసుకున్నా, మేలో వేరేది తీసుకోవచ్చు. కానీ మేలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే, జూన్ 18 రనాఫ్‌లో అవతలి పార్టీ బ్యాలెట్ ఇవ్వరు. ఆలోచించి తీసుకోండి.

తెనాలి కృష్ణ:
మేలో కూడా రిపబ్లికన్ బ్యాలెట్టే తీసుకుంటాను. షెరీఫ్ కోసం.

కమ్మింగ్ మూర్తి:
తీసుకో. ఆ పేర్లలో ఎవరు ఎలాంటివాళ్లో కావాలంటే ఫోన్ చెయ్, నాకు తెలిసింది చెప్తాను. అది తప్పు అన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.