టిరిటిరి మతంగి ఫొటో: గడ్డి ముక్క క్రాప్ చేసేయమంటారా?

వీకెండ్‌కెమెరా:
మొన్న ఆదివారం న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి ఫెర్రీ ఎక్కి టిరిటిరి మతంగి దీవికి వెళ్లొచ్చాం. పైన గట్టు మీద నిలబడి తీసిన ఫొటో ఇది. ముందు గడ్డి, మధ్యలో అడవి, వెనక సముద్రం, నాకైతే తెగ నచ్చింది. ఇంటి గ్రూపులో పెడితే మా బావ "మన ఊరి గుట్ట కూడా వానాకాలంలో ఇలాగే ఉంటుంది కదరా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఈ చెట్లలో చాలావరకు నలభై ఏళ్ల కింద లేవు, జనం చేత్తో నాటారు అని చెప్తే గానీ ఎవరికీ తెలియట్లేదు. చెప్పకుండా ఫొటోలోనే అది తెలియాలంటే ఎలా తీయాలి? ఇంకో డౌట్, అంత కష్టపడి నాటినవాళ్లు ఈ గడ్డి ముక్కనెందుకు వదిలేశారు? అడ్డంగా ఉంది, తీసేద్దామా అనుకుంటున్నా.

పిట్టలపిచ్చి:
అయ్యో, క్రాప్ చేయకండి! ఆ గడ్డి కావాలనే ఉంచారు. తకహే అని ఎర్ర ముక్కు, నీలం ఈకలతో కోడంత పక్షి ఉంటుంది, ఎగరలేదు, గడ్డి మొదళ్లు నమిలి బతుకుతుంది. ఆ జాతే పోయిందనుకుంటే 1948లో మళ్లీ కనిపించింది. 1991లో ఈ దీవికి తెచ్చారు. మొత్తం అడవి చేసేస్తే దాని నోట్లో మట్టి కొట్టినట్టే.

దీవి 220 హెక్టార్లు, మన లెక్కలో 540 ఎకరాల పైమాట. ఏళ్ల తరబడి నరికి, తగలబెట్టి, గొర్రెల్ని మేపితే పాత అడవి లోయల్లో కాస్త మిగిలింది, అంతే. 1971లో మేత ఆపేశారు. పశువులు పోతే చెట్లు వాటంతటవే వస్తాయనుకున్నారు గానీ, గడ్డీ తుప్పలూ దట్టంగా పెరిగి మొలకల్ని పైకి రానివ్వలేదు. దాంతో 1984 నుంచి 1994 దాకా పడవల్లో వచ్చిన వాలంటీర్లు రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటారు. స్కూలు పిల్లలు కూడా. 1993లో కియోరే అనే ఎలుకల్ని హెలికాప్టర్‌తో విషపు ఎర చల్లి పూర్తిగా తీసేశారు, అవి విత్తనాల్నీ మొలకల్నీ తినేస్తుంటే ఎన్ని నాటి ఏం లాభం.

గోదారిగట్టు:
తిట్టకండి గానీ, హెలికాప్టర్‌తో విషం చల్లి దాన్ని ప్రకృతి అనడం నాకు మింగుడుపడట్లేదు. ఎలుక మాత్రం ప్రాణి కాదా?

పిట్టలపిచ్చి:
ప్రాణే అండీ, నాకూ బాధే. కాకపోతే గబ్బిలాలు తప్ప న్యూజిలాండ్‌లో నేల మీద తిరిగే క్షీరదాలే ఒకప్పుడు లేవు, ఎలుకలు మనుషుల పడవల్లో వచ్చినవి. వాటి నుంచి గుడ్డుని ఎలా కాపాడుకోవాలో అక్కడి పక్షులకు తెలీదు. రెండిట్లో ఒకటే మిగులుతుందంటే నేను పక్షి వైపే.

ఐఎస్ఓ100:
ఫొటో సంగతికొద్దాం బ్రో. నాటిన అడవి ఒకే ఈడుది కాబట్టి పైభాగం కటింగ్ చేయించినట్టు సమంగా ఉంటుంది, లోయల్లోని పాత పొహుటుకవా చెట్లేమో గొడుగుల్లా విడివిడిగా లేస్తాయి. ఆ తేడా పక్క నుంచి పడే ఎండలోనే తెలుస్తుంది. డే ట్రిప్ ఫెర్రీతో వెళ్తే నడినెత్తి ఎండ తప్ప ఏమీ దొరకదు, అందుకే మీ ఫొటోలో అంతా ఒకటే పచ్చ ముద్దలా ఉంది. దీవిలో బంక్‌హౌస్ ఉంది, ఒక రాత్రి ఉండి పొద్దున్నే తీయండి. డిసెంబర్‌లో అయితే పొహుటుకవా ఎర్రగా పూసి ఏ చెట్టు ఎక్కడుందో అదే చూపిస్తుంది. అన్నిటికన్నా మేలైనది, నాటకముందు తీసిన పాత ఫొటో ఒకటి సంపాదించి, సరిగ్గా అదే చోట నిలబడి తీయడం. దీవిలోని లైట్‌హౌస్ 1865 నుంచి కదల్లేదు, దాన్ని గుర్తుగా పెట్టుకుంటే ఫ్రేమ్ ఇట్టే దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టండి, మీ బావ ఏమంటాడో చూద్దాం.

వీకెండ్‌కెమెరా:
గడ్డి ఉంచేస్తున్నా. ఫొటో మళ్లీ చూస్తే కుడి మూల నీలం చుక్క ఒకటుంది, జూమ్ చేస్తే ఎర్ర ముక్కు! క్రాప్ చేసుంటే అదీ పోయేది. డిసెంబర్‌లో బావ కూడా వస్తానంటున్నాడు. అంటుకున్న విత్తనాలేమైనా ఉంటే దీవికి ముప్పని, ముందు బూట్లు కడుక్కోమని చెప్పా, "ఏంట్రా గుడికెళ్తున్నామా" అంటున్నాడు.