పాము కాటు గురించి ఎంత చెప్పినా తలూపుతారు, మర్నాడు మళ్లీ ఒట్టి కాళ్లే. ఏం చేయాలి?

ప్రశ్న (ఆశా కార్యకర్త, పాకాల మండలం):
మా ఊళ్లో తెల్లవారుజామున నాలుగున్నరకే పాలు పితికి, క్యాన్ పట్టుకుని గట్ల మీదుగా పాలకేంద్రానికి పోతారు. వానలు మొదలైతే నాకు టెన్షన్. టార్చి తీసుకోండి, బూట్లు వేసుకోండి, చెనక్కాయ కట్టె వామిలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి అని ప్రతి మీటింగులో చెప్తాను. వింటారు, చేయరు.

రెండేళ్ల కింద మా మామగారినే వామి దగ్గర రక్తపింజర కరిచింది. ఆ రోజు నేను ఊళ్లో లేను. మోకాలి కింద తాడుతో బిగించి కట్టి, పసరు మందు వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలైంది. ప్రాణం దక్కింది గానీ కాలి కండ చచ్చిపోయి ఇప్పటికీ కుంటుతున్నారు. అది చూసినవాళ్లు కూడా నాలుగు రోజులే భయపడ్డారు. ఇది అలవాటు కావాలంటే దారేంటి?

జవాబు 1 (పాడి రైతు, బంగారుపాళ్యం):
అమ్మా, మా టార్చి అలమరలో ఉండేది, క్యాన్ కొట్టంలో ఉండేది. నిద్ర కళ్లతో లేచినవాడు అలమర దాకా ఎందుకు పోతాడు? మా ఆవిడ టార్చికి తాడు కట్టి క్యాన్ పిడికే తగిలించింది. అప్పటినుంచి మర్చిపోయింది లేదు. బూట్ల మాట మాత్రం వదిలేయండి, బురదలో ఇరుక్కుంటాయి. దానికన్నా పంచాయతీలో అడిగి బాటకు రెండు పక్కలా గడ్డి కోయించండి. ఒక్క మనిషి మాట వినకపోయినా ఊరంతటికీ పనికొస్తుంది.

జవాబు 2 (స్టాఫ్ నర్సు, చిత్తూరు):
అన్న చెప్పింది నిజం. అక్కా, నేల మీద పడుకునేవాళ్లనూ చూసుకోండి. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకొస్తుంది. కాటు నొప్పి పెద్దగా తెలియదు, గుర్తూ సరిగా కనపడదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి. మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే చాలావరకు కాపాడుతుంది. పాముల కోసం అంటే వినరు, దోమల కోసమని చెప్పండి.

కాటు పడితే తాడు కట్టొద్దు, కోయొద్దు. వాపు రాకముందే మెట్టెలు, కడియాలు తీసేయాలి. కాలు కదలకుండా బద్ద పెట్టి, నడిపించకుండా 108లో ఎక్కించాలి. పామును పట్టుకు రావాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ మన దగ్గర ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఒకటే.

పసరును నమ్మేవాళ్లకు ఇంకో మాట చెప్పండి. ఆ ఇంజెక్షన్ తయారీకి విషం తీసి ఇచ్చేది చెన్నై దగ్గరి ఇరుల తెగవాళ్ల సహకార సంఘం, 1978 నుంచి ఉంది. తరతరాలుగా పాములు పట్టినవాళ్ల చేతి పని కూడా ఆ మందులో ఉంది.

ప్రశ్న అడిగినావిడ:
అన్నా, చెల్లెమ్మా, ఇద్దరికీ దండాలు. పన్నెండు ఇళ్లలో క్యాన్లకు టార్చీలు నేనే కట్టి వచ్చాను. గడ్డి సంగతి సర్పంచ్‌ను అడిగాను, ఇంకా కోయించలేదు, మళ్లీ పోతాను. నిన్న పసరు మందు తాత దగ్గర కూర్చుని ఇరుల వాళ్ల సంగతి చెప్పాను. "మీ గడపకు ఎవరొచ్చినా ముందు ఫోన్ చేయించండి తాతా, మీ మాటైతే వింటారు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. లేచి వస్తుంటే పిలిచి, నంబరు గోడ మీద రాసి పొమ్మన్నాడు. బొగ్గుతో పెద్దగా 108 అని రాసి వచ్చాను.