ఉద్యోగానికి ముందే మాట తీరు నేర్పించాలా, పనిలో పడ్డాక అదే వస్తుందా?

గుంటూరు బ్రాడీపేట, తండ్రి:
మా అమ్మాయి ప్రభుత్వ కళాశాలలో బీకాం చదువుతోంది. స్పోకెన్ ఇంగ్లిష్, ఇంటర్వ్యూ శిక్షణ కలిపి మూడు నెలల కోర్సులో చేరతానంటోంది. ఫీజు మాకు బరువే. పనిలో పడితే అన్నీ అవే వస్తాయని మా అన్నయ్య అంటున్నారు. ఏం చేయమంటారు?

విజయవాడ ఆటోనగర్, సూపర్‌వైజర్:
మీ అన్నయ్యగారి మాటే నిజమండి. లారీ బాడీలు కట్టే చోట మేస్త్రీల దగ్గర, యజమానుల దగ్గర మాట్లాడటం నేర్చుకున్నాను. ఏ కోర్సూ చేయలేదు.

విజయవాడ, బ్యాంకు ఉద్యోగి:
ఇంగ్లిష్ తడబడితే చాలా చోట్ల ఇంటర్వ్యూ గదే దాటలేరు. చేర్పించండి.

గుంటూరు, డిగ్రీ అధ్యాపకురాలు:
ముందే నేర్పాలన్నదే నా గట్టి అభిప్రాయం. అయితే ఇంగ్లిష్ ఒక్కటే నేర్పి పంపితే సగం పని కూడా కాదు. సూపర్‌వైజర్ గారి చోటునే తీసుకుందాం. లారీ యజమాని ఫోన్ చేసి బండి ఎప్పుడిస్తారని అడిగాడు. కొత్త కుర్రాడు "చూస్తాం సార్" అని పెట్టేశాడు. ఆయన చిలకలూరిపేట నుంచి డ్రైవర్ని వెంటబెట్టుకుని వచ్చేశాడు, బండి సిద్ధంగా లేదు. "రేకు ఇంకా రాలేదండి, గురువారం సాయంత్రం ఇస్తాం, ఆలస్యమైతే ముందే నేను ఫోన్ చేస్తాను" అంటే సరిపోయేది. అచ్చ తెలుగులోనే చెప్పవచ్చు. కానీ చెడ్డ కబురు ముందుగా చెప్పే ధైర్యం పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు? తరగతిలో నోరు మెదపకుండా కూర్చున్నవారినే మెచ్చుకుంటూ వచ్చాం.

ఈమెయిల్ సంగతీ అంతే. విషయం గడి ఖాళీగా వదిలేసి, కింద ఒక్క ముక్క రాయకుండా ఫైలు జతచేసి పంపేస్తారు.

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో భాగంగా పెట్టిన సామాజిక సేవా ప్రాజెక్టులో ఇల్లిల్లూ తిరిగి సమస్యలు అడిగి నివేదిక రాయాలన్నారు. ముక్కూమొహం తెలియనివారిని పలకరించడానికి అంతకంటే మంచి బడి లేదు. పక్కవారి నివేదిక చూసి రాసుకున్నవారిని చూస్తే నాకు కోపం కన్నా బాధే ఎక్కువ.

ఆటోనగర్, సూపర్‌వైజర్:
రేకు ఎప్పుడొస్తుందో తెలిస్తేనే కదండీ గురువారం అని చెప్పగలిగేది! అది పనిలో ఉంటేనే తెలుస్తుంది.

అధ్యాపకురాలు:
ఒప్పుకుంటాను. అయితే తెలియనప్పుడు "కనుక్కుని గంటలో చెప్తాను" అనడం, అన్నట్టే గంటలో ఫోన్ చేయడం ముందే అలవాటు కావాలి. తండ్రిగారూ, ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఉన్నది ఇలాంటి శిక్షణకే. ముందు అక్కడ అడగమనండి. బయటి కోర్సయితే, అమ్మాయి చేత రోజూ మాట్లాడించి తప్పులు దిద్దుతారా, ఒక తరగతికి ఎంతమంది అని తేల్చుకోండి. చెప్పింది రాసుకోవడమే అయితే ఆ డబ్బు కట్టకండి.

బ్రాడీపేట, తండ్రి:
వాళ్ల కళాశాలలో ఆ సెంటర్ ఉందట, తను ఎప్పుడూ వెళ్లలేదట. సోమవారం అక్కడ అడిగాకే ఫీజు మాట.